ఆరు రోజుల్లో చైనా: ఏం తినాలి, ఏం చూడాలి?

మనవాళ్లకు చైనా టూరిస్ట్ వీసాలు 2025 జూలై చివర్లో మళ్లీ మొదలయ్యాయి. ఆ అక్టోబరులో కోల్‌కతా నుంచి, తర్వాత ఢిల్లీ నుంచి డైరెక్ట్ విమానాలు కూడా వచ్చేశాయి. అప్పట్నుంచి ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో థాయ్‌లాండ్, బాలీ తగ్గి చైనా పెరిగింది. అన్నీ వేయడం కుదరదు కాబట్టి ఒకేలాంటివి కలిపి కొన్నింటికి జవాబులు ఇస్తున్నాను. వీసా ఫీజులు, విమాన టికెట్ల జోలికి మాత్రం పోవడం లేదు, ఇవాళ రాసింది మీరు చదివేసరికి మారిపోతుంది.

ప్రశ్న: మావారికి ఆరు రోజులే సెలవు దొరికింది. ఏజెంటు బీజింగ్, షీయాన్, షాంఘై, హాంగ్‌జౌ, గ్వాంగ్‌జౌ అన్నీ కలిపి ప్యాకేజీ చేసిచ్చాడు. అంత ఖర్చు పెట్టుకుని వెళ్తున్నాం కదా, అన్నీ చూసేసి రావడమే మంచిదంటారా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: వద్దండీ. ఆరు రోజుల్లో అయిదు ఊళ్లంటే మీరు చూసేవి రైల్వే స్టేషన్లు, అంతే. అక్కడి హైస్పీడ్ రైళ్లు వేగమైనవే, కాదనను, బీజింగ్ నుంచి షాంఘైకి 1,318 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో దింపేస్తాయి. కానీ ఆ రైలెక్కడానికి ముందు హోటల్ ఖాళీ చేయాలి, సామాను ఈడ్చుకుంటూ మెట్రోలో వెళ్లాలి, స్టేషన్ గుమ్మంలో స్కానింగ్, పాస్‌పోర్ట్ చెకింగ్, మన పాస్‌పోర్ట్ ఆటోమేటిక్ గేటులో పనిచేయకపోతే మనిషున్న గేటు వెతుక్కోవడం, దిగాక మళ్లీ ఊళ్లోకి ఇంకో గంట. ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు ఖర్చయిపోయిందనే లెక్కేసుకోండి.

రెండు ఊళ్లు చాలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే బీజింగ్, షీయాన్ చెప్తాను. బీజింగ్‌లో మూడున్నర రోజులు, మిగతాది షీయాన్‌లో. మధ్యలో రైలు నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలు, మీరు పట్టుకునే రైలును బట్టి. వీలైతే వెళ్లేది బీజింగ్‌కి, తిరుగు ప్రయాణం షీయాన్ నుంచి ఉండేలా టికెట్ అడగండి, వెనక్కి రావడం తప్పుతుంది. రైలు టికెట్లు 15 రోజుల ముందు అమ్మకానికి పెడతారు. విడిగా కాగితం టికెట్ ఏమీ ఉండదు, మీ పాస్‌పోర్టే టికెట్టు.

రోజుకు ఒక పెద్ద చోటు, దాంతోపాటు ఒక మంచి భోజనం, అంతకు మించి పెట్టుకోకండి. ఫర్‌బిడెన్ సిటీ ఒక్కదానికే సగం రోజు పోతుంది. 1420లో కట్టడం పూర్తయిన ఆ రాజప్రాసాదంలో దక్షిణం గేటు నుంచి లోపలికి వెళ్తే ఉత్తరం గేటు నుంచి బయటపడతారు, వెనక్కి తిరిగి రానివ్వరు. కాబట్టి కారు డ్రైవర్‌ని దక్షిణం గేటు దగ్గర ఉండమంటే చిక్కులో పడతారు. అక్కడ కౌంటర్లో టికెట్ కొనుక్కోవచ్చనుకోవద్దు, ఆన్‌లైన్లో ఏడు రోజుల ముందే పాస్‌పోర్ట్ నంబరుతో బుక్ చేయాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 60 యువాన్లు, మిగతా నెలల్లో 40 (యువాన్ అంటే 12, 13 రూపాయలు వేసుకోండి). సోమవారం సెలవు. ఏజెంటు ప్లాన్లో సోమవారం నాడు అది రాసుందేమో ఒకసారి చూసుకోండి, ఇలాంటివి రాసేవాళ్లున్నారు. తియానన్‌మెన్ స్క్వేర్‌కి వేరే రిజర్వేషన్ కావాలి. ఉత్తరం గేటు దాటగానే రోడ్డుకి అవతల జింగ్‌షాన్ పార్కు, చిన్న గుట్ట, కాళ్లు లాగుతున్నా సరే ఎక్కండి. ఇంతసేపూ లోపల నడుస్తూ తలెత్తి చూసిన పసుపు పెంకుల కప్పులన్నీ అక్కణ్నుంచి ఒక్కసారిగా కళ్ల ముందు పరుచుకుంటాయి.

తేదీల సంగతి ఇంకా ఖరారు చేయకపోతే అక్టోబరు మొదటి వారం, మే మొదటి వారం, వాళ్ల కొత్త సంవత్సరం (జనవరి చివర లేదా ఫిబ్రవరి) వదిలేయండి. దేశమంతా సెలవు పెట్టి రోడ్డు మీదే ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో పిల్లలకు సెలవులు, పైగా ఎండ. ఏప్రిల్ నెల, మే నెల నడిమి భాగం, సెప్టెంబరు రెండో సగం, అక్టోబరు పది తర్వాత, ఇవీ మంచి రోజులు.

ప్రశ్న: అమ్మకు 64 ఏళ్లు, శుద్ధ శాకాహారి, గుడ్డు వాసన కూడా పడదు. చైనా అంటేనే 'పాములు, కప్పలు తింటారటగా' అంటోంది. తీసుకెళ్లనా, మానేయనా? తిండి మొత్తం ఇక్కణ్నుంచే మోసుకెళ్లాలా?
(ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: తీసుకెళ్లండి. పాములూ కప్పలూ అమ్మగారి కంచంలోకి వచ్చి పడవు, ఆ భయం వద్దు. అసలు ఇబ్బంది కంటికి కనపడని వాటితో. కూర మొత్తం కూరగాయలే ఉంటుంది, కానీ పంది కొవ్వుతో వేయిస్తారు, కాకపోతే దించేముందు రుచికి చికెన్ పౌడరో ఆయిస్టర్ సాసో వేస్తారు. మాపో తోఫు చూడ్డానికి తోఫూయే (సోయాపాల పనీర్), అందులో కీమా ఉంటుంది. ఎండు మిరపకాయలతో వేయించిన బీన్స్ మన వేపుడులాగే నోరూరిస్తుంది, దాంట్లోనూ కీమా చల్లుతారు. మీరు 'మాంసం వద్దు' అంటే ముక్కలు తీసేస్తారు, పులుసు మాత్రం అదే పోస్తారు, వాళ్ల దృష్టిలో అది మోసం కాదు.

అందుకని నోటితో చెప్పడం కన్నా చైనీస్‌లో రాయించి ఫోన్‌లో ఫొటోగా పెట్టుకోండి. 'మాంసం, చేప, రొయ్య, గుడ్డు, మాంసం పులుసు, పంది కొవ్వు, చికెన్ పౌడర్, ఆయిస్టర్ సాస్ ఏదీ తినను, వంటనూనెతో చేయండి' అని. హోటల్ రిసెప్షన్‌లో అడిగితే రాసిస్తారు. అది చూపిస్తూ ఈ వంటలు అడగండి: దీసాన్‌షియెన్ (వంకాయ, బంగాళాదుంప, కాప్సికం వేయించి సాస్‌లో కలిపింది, మన ఇంట్లో పిల్లలకు కూడా నచ్చుతుంది), బంగాళాదుంపను దారాల్లా తరిగి వెనిగర్, ఎండుమిర్చితో చకచకా వేయించింది, దోసకాయని కత్తి వెడల్పుతో చితక్కొట్టి వెల్లుల్లి, వెనిగర్ కలిపింది, వెల్లుల్లితో ఏ ఆకుకూరైనా సరే. అన్నం 'మీఫాన్' అని విడిగా అడగాలి, కూరతో పాటే తెమ్మని కూడా చెప్పండి, లేకపోతే చివర్లో తెస్తారు, అప్పటికి కూరలు చల్లారిపోయుంటాయి. చెంచా 'షావ్‌జి'. పెరుగన్నం ఆశ వదులుకోవాల్సిందే. బీజింగ్‌లో చిన్న పింగాణీ జాడీలో కాగితం మూత కట్టి స్ట్రాతో ఇచ్చే పెరుగు దొరుకుతుంది కానీ అది తియ్యగా ఉంటుంది.

అన్నిటికన్నా నిశ్చింత బౌద్ధుల శాకాహార హోటళ్లు. బీజింగ్‌లో యోంగ్‌హెగోంగ్ అనే టిబెటన్ బౌద్ధాలయం చుట్టుపక్కల ఉన్నాయి, మిగతా ఊళ్లలోనూ పెద్ద గుడుల దగ్గర వెతకండి. వాటిల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడని చోట్లు ఎక్కువ. ఒక హెచ్చరిక: అక్కడ సోయాతో, గోధుమ పిండితో అచ్చం చేపలాగా, కోడిలాగా వంటలు చేసి పొలుసులతో సహా తెచ్చి పెడతారు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నిజం చెప్పినా నమ్మరు.

ఇక మోసుకెళ్లే సంగతి. పాలు, వెన్న, గుడ్లు, మాంసం, పచ్చి పండ్లు, కూరగాయలు కస్టమ్స్‌లో ఒప్పుకోరు. ప్యాకెట్ ఉప్మా, పోహా మిక్సులు కొన్ని పెట్టుకుంటే చాలు. ఎందుకంటే చైనాలో వేడినీళ్లు దొరకని చోటు లేదు, రైల్లో ప్రతి బోగీ చివర, స్టేషన్‌లో, ఎయిర్‌పోర్టులో కుళాయి ఉంటుంది, వాళ్లు తాగేదే వేడినీళ్లు. అమ్మగారికి చైనాలో మొదట నచ్చేది అదే అవుతుందని నా అనుమానం. వీధిలో కాల్చిన చిలగడదుంపలు, ఉడికించిన మొక్కజొన్న, చలికాలంలో వేడివేడి చెస్ట్‌నట్స్ కూడా దొరుకుతాయి, వాటిలో అనుమానించాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: అసలైన మంచూరియా, అసలైన షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ తినాలంటే ఏ ఊరు వెళ్లాలి సార్?
(డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: కర్నూల్లోనే ఉండాలి తమ్ముడూ. మంచూరియా మన దేశంలో పుట్టింది, చైనాలో ఆ పేరు చెప్తే ఈశాన్యాన ఉన్న ఒక ప్రాంతం గుర్తొస్తుంది తప్ప ప్లేటు గుర్తు రాదు. మనం షెజ్వాన్ అనే సిచువాన్ రాష్ట్రంలో మీ ఎర్రటి షెజ్వాన్ సాస్ కూడా ఉండదు. అక్కడేముంటుందో కింద గుంటూరు వాళ్లకిచ్చిన జవాబులో చూడండి.

ప్రశ్న: గుంటూరోళ్లం. కారం మాకు లెక్క కాదు. సిచువాన్ రాజధాని చెంగ్డులో హాట్‌పాట్ (బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ముంచుకుని తినేది) చాలా ఘాటంటున్నారు, మాకు సరిపోతుందా? అక్కడ చూడ్డానికి ఏమన్నా ఉందా, తినడమేనా?
(నలుగురు మిత్రులు, గుంటూరు)

జవాబు: కారం విషయంలో మీరే గెలుస్తారు, అందులో సందేహం లేదు. అసలు మన గుంటూరు, ఖమ్మం యార్డుల నుంచి తేజ మిర్చి చైనాకు లారీలకొద్దీ వెళ్తోంది కదా, మీ ఊరి సరుకే మీకు వడ్డించినా ఆశ్చర్యం లేదు. కానీ అక్కడ మిమ్మల్ని ఓడించేది మిరపకాయ కాదు, 'హ్వాజ్యావ్' అనే సిచువాన్ మిరియం. గులాబీ రంగు పొట్టు, నిమ్మతొక్క వాసన. కొరికాక రెండు మూడు సెకన్లు ఏమీ అనిపించదు, తర్వాత పెదవుల్లో సన్నటి కరెంటు పారుతున్నట్టు మొదలై నాలుక మొద్దుబారిపోతుంది, అప్పుడు మంచినీళ్లు తాగితే నీళ్లకే ఏదో పుల్లటి రుచి వస్తుంది. భయపడక్కర్లేదు, పది నిమిషాల్లో పోతుంది. మొదటి రోజే పందేలు కట్టకుండా 'వెయ్ లా', అంటే తక్కువ కారం, అని చెప్పి మొదలుపెట్టండి. గిన్నె మధ్యలో అడ్డుగోడ ఉన్నది అడిగితే ఒక పక్క ఎర్రటి పులుసు, రెండో పక్క చప్పటి పులుసు ఇస్తారు.

ఒక ముఖ్యమైన మాట. సిచువాన్ హాట్‌పాట్‌లో ఆ ఎర్రటి నూనె మామూలుగా గొడ్డు కొవ్వు. బీఫ్ తిననివాళ్లు ముక్కలు మానేసి 'చికెన్, కూరగాయలే ముంచుకుంటున్నాం' అనుకుంటే లాభం లేదు, గిన్నె నిండా అదే ఉంటుంది. 'చింగ్‌యౌ' అంటే నూనె గింజల నూనెతో చేసే రకం వేరే ఉంది, అది అడగండి. నంజుకోడానికి నువ్వుల నూనెలో దంచిన వెల్లుల్లి ఇస్తారు, అది ఉన్నది చల్లార్చడానికి, కాబట్టి బాగా ముంచుకోండి. ఎండుమిర్చి గుట్టలో చిన్న చిన్న కోడిముక్కలు దాచి తెచ్చే 'లాజీజి' అనే వంటకం కూడా మీకోసమే పుట్టింది. కోడిముక్కలు ఏరుకుని తిని మిరపకాయలు వదిలేయాలి, మీరు అవి కూడా తినేస్తే వంటవాళ్లు బయటికొచ్చి చూస్తారు.

చూడ్డానికి ఎందుకు లేదు? పాండాల కేంద్రానికి పొద్దున్నే తలుపులు తీసే వేళకి వెళ్లండి. చల్లటి పూట అవి లేచి వెదురు నములుతాయి, ఎండెక్కితే నిద్రే, మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు వీపులు కనిపిస్తాయి. మధ్యాహ్నం పీపుల్స్ పార్కులో టీ కొట్టుకి వెళ్లి మూత ఉన్న కప్పులో టీ చెప్పుకుని కూర్చోండి. వేడినీళ్లు మళ్లీ మళ్లీ పోస్తూనే ఉంటారు, లెమ్మని ఎవరూ అనరు. చెవులు శుభ్రం చేసేవాళ్లు పొడవాటి ఇనప పనిముట్లు టింగుటింగుమనిపిస్తూ తిరుగుతుంటారు, ధైర్యముంటే చేయించుకోండి, నేనైతే చూసి ఊరుకుంటాను. ఒక రోజు మిగిలితే రైల్లో లేషాన్ వెళ్లండి, నదుల సంగమం దగ్గర కొండను చెక్కిన 71 మీటర్ల బుద్ధుడు, 713లో మొదలుపెడితే 803కి పూర్తయింది.

ప్రశ్న: ఫోన్, డబ్బుల గురించే మాకు టెన్షన్. అక్కడ క్యాష్ తీసుకోరట, వాట్సాప్ రాదట, నిజమేనా?
(ఇద్దరు ఉద్యోగినులు, హైదరాబాద్)

జవాబు: సగం నిజం. క్యాష్ తీసుకోవాలనే రూలుంది కానీ చిల్లర ఉండదు, మొహం చిట్లిస్తారు. ఇంటి దగ్గరే, బయల్దేరడానికి వారం ముందే ఆలీపే, వీచాట్ రెండూ వేసుకుని మీ వీసా లేదా మాస్టర్‌కార్డు లింక్ చేయండి. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేశారో లేదో బ్యాంక్ యాప్‌లో చూసుకోండి, ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్‌లోనే ఉంచండి. 200 యువాన్లు దాటిన బిల్లుకి 3 శాతం ఛార్జీ పడుతుంది, లోపలైతే లేదు. ఒకటి పనిచేయనప్పుడు రెండోది పనిచేస్తుంది, రెండూ మొండికేసినప్పటికి ఐదారొందల యువాన్ల నోట్లు.

గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అక్కడి వైఫైలో రావు. మన సిమ్ రోమింగ్‌లో పెట్టుకుంటే వస్తాయి, ఎందుకంటే డేటా మన కంపెనీ మీదుగా తిరిగి వస్తుంది. దారికి గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు, ఆమ్యాప్ వేసుకోండి. ట్యాక్సీ ఆలీపేలోనే ఉన్న దీదీలో పిలవచ్చు. అనువాదం యాప్‌లో చైనీస్ ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేయండి. చాలా హోటళ్లలో మెనూ కార్డే ఉండదు, టేబుల్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్‌లోనే ఆర్డరివ్వాలి. అది చికాకనిపిస్తే షాపింగ్ మాల్ కింది అంతస్తులో ఫుడ్ కోర్టుకి వెళ్లండి, ఫొటోలుంటాయి, వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది.

తియానన్‌మెన్ దగ్గర, షాంఘై నదీతీరంలో 'మాకు ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేయాలనుంది, టీ తాగుతూ మాట్లాడుకుందామా' అని నవ్వుతూ పిలిచే ఆడపిల్లలుంటారు. వెళ్లకండి. టీ బిల్లు వేలల్లో వస్తుంది.

ప్రశ్న: మేం కోడి, చేప, మేక తింటాం, బీఫ్, పోర్క్ ముట్టం. అక్కడ బతకగలమా? పొద్దున టిఫిన్ ఏం దొరుకుతుంది?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: బతకడమేంటండీ, లావెక్కి వస్తారు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: మెనూలో ఉత్తినే 'రౌ', అంటే మాంసం, అని ఉంటే అది పందే. గొర్రె 'యాంగ్‌రౌ', కోడి 'జీరౌ', గొడ్డు మాంసం 'న్యూరౌ'. ముస్లిం హోటళ్లలో పోర్క్ ఉండదు, అందుకని మనవాళ్లు అక్కడ ధీమాగా కూర్చుంటారు, కానీ వాటిలో పేరుమోసిన లాన్‌జౌ నూడుల్స్ పులుసు గొడ్డు ఎముకలతో కాచిందే.

బీజింగ్ మీలాంటివాళ్లకు స్వర్గం. అక్కడి హాట్‌పాట్ సిచువాన్‌ది కాదు, మధ్యలో బొగ్గుల గొట్టం ఉన్న రాగి పాత్రలో అల్లం, ఉల్లికాడ వేసిన నీళ్లు మరుగుతుంటాయి. కాగితంలా కోసిన గొర్రె మాంసం చాప్‌స్టిక్‌తో పట్టుకుని ముంచి రంగు మారగానే తీసి నువ్వుల ముద్దలో అద్దుకుని తినాలి. చలికాలం రాత్రి దానికి సాటిలేదు. బీజింగ్‌కి పేరు తెచ్చిన కాల్చిన బాతు ఎలాగూ తింటారు, ఇద్దరికి సగం బాతు చాలు, మొత్తం చెప్పుకుని వదిలేయకండి. తోలు కరకరలాడుతుండగానే మొదట తినేయండి, ఫొటోలు తర్వాత.

టిఫిన్‌కి హోటల్ బఫే మానేసి వీధిలోకి వెళ్లి జ్యెన్‌బింగ్ తినండి. గుండ్రటి ఇనప పెనం మీద గరిటెడు పిండి పోసి చిన్న కర్రతో గిరగిరా పరుస్తుంది ఆవిడ, ఆ పిండిలో పెసలు కలుస్తాయి కాబట్టి ఆవిరి లేవగానే మన పెసరట్టే గుర్తొస్తుంది. దానిమీద గుడ్డు కొట్టి పరిచి, ఉల్లికాడలు, కొత్తిమీర, నువ్వులు చల్లి, ఒక్క విసురుతో తిరగేసి, తియ్యటి నల్ల సాస్, మిరప సాస్ బ్రష్‌తో పూసి, కరకరలాడే అప్పడంలాంటిది మధ్యలో పెట్టి విరగ్గొట్టి మడత పెడుతుంది. సంచిలో వేసి చేతికిచ్చేదాకా రెండు నిమిషాలు పట్టదు. లోపల సాసేజ్ పెట్టనా అని అడుగుతారు, తల అడ్డంగా ఊపండి, అది చాలాసార్లు పోర్కే.

రాత్రి తొమ్మిదిన్నరకి భోంచేసే అలవాటు అక్కడికి పనికిరాదు. బీజింగ్‌లో ఏడింటికల్లా హోటల్లో కూర్చోవాలి, తొమ్మిదయ్యేసరికి వంటగదులు కట్టేస్తారు.

ప్రశ్న: నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, కానీ గ్రేట్ వాల్ చూడాలని పట్టు. ఏ వైపు తీసుకెళ్లాలి?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ముతియాన్యు. బీజింగ్ నుంచి 70 కిలోమీటర్ల దూరం, కారైతే గంటన్నర. బాదాలింగ్‌కి హైస్పీడ్ రైలుంది, దగ్గరే, కానీ జనం భుజాలు రాసుకుంటూ నడవాలి, నాన్నగారికి అది నరకం. ముతియాన్యులో మూసి ఉన్న కేబుల్ కార్ ఎక్కితే తిన్నగా 14వ బురుజు దగ్గర దిగుతారు, అక్కడ కాస్త చదునుగా ఉన్న భాగంలో అటూ ఇటూ తిరిగి, కూర్చుని, అదే కేబుల్ కార్లో దిగిపోవచ్చు. చెయిర్ లిఫ్ట్ వైపు వెళ్లకండి, అది వేరే కంపెనీ టికెట్టు, 6వ బురుజు దగ్గర దింపుతుంది. పిల్లలుంటే వాళ్లకు మాత్రం అదే కావాలి, అటు నుంచి కిందికి జారుడుబండి మీద రావచ్చు కదా. మెట్లు ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు, కళ్లు కిందికి పెట్టి నడవమనండి. వయసు పైబడినవాళ్లకు చాలాచోట్ల టికెట్‌లో రాయితీ ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించి అడగండి.

ప్రశ్న: రిటైరైన చరిత్ర మాస్టారిని. షీయాన్‌లో మట్టి సైన్యం తప్ప ఇంకేముంది? మన ప్రాంతానికి వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్‌కి సంబంధించినవి ఏమన్నా మిగిలాయా?
(అమరావతి నుంచి)

జవాబు: మాస్టారూ, మీరు మట్టి సైన్యం కన్నా ముందు చూడాల్సింది అదే. ఏడో శతాబ్దంలో ఆయన మన ధాన్యకటకానికి, అంటే మీ ఊరి పక్కకే వచ్చి, కొన్నాళ్లుండి అక్కడి భిక్షువుల దగ్గర మహాసాంఘికుల (ఒక పాత బౌద్ధ శాఖ) అభిధర్మం, అంటే తత్వగ్రంథాలు, చదువుకున్నాడు. 645లో అప్పటి చాంగ్‌ఆన్‌కి, అంటే ఇప్పటి షీయాన్‌కి, 657 గ్రంథాలతో తిరిగి చేరాడు. ఆ గ్రంథాలు భద్రపరచడానికి 652లో ఇటుకలతో కట్టించిన గోపురమే బిగ్ వైల్డ్ గూస్ పగోడా. తర్వాత మార్చి కట్టారు, ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్ల ఎత్తు. ముందు ఆయన విగ్రహం ఉంటుంది, జనం సెల్ఫీలు తీసుకుంటుంటారు. ధాన్యకటకం సంగతి ఆ గుంపులో మీ ఒక్కరికే తెలిసి ఉంటుంది.

మట్టి సైన్యం, అంటే చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా పూడ్చిన మట్టి సైనికుల బొమ్మలు, కూడా వదలొద్దు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడింది. ఊరికి 40 కిలోమీటర్ల లోపే. మెట్రో 9వ లైన్లో హ్వాచింగ్‌చి స్టేషన్ దాకా వెళ్లి అక్కడ బస్సెక్కండి. రైల్వే స్టేషన్ బయట చేయి పట్టుకుని 'టెర్రకోట, టెర్రకోట' అంటూ లాగేవాళ్ల వెంట వెళ్తే నకలు బొమ్మల దగ్గర దింపుతారు. మొదటి గుంత పెద్దది, అందరూ ముందు దాని కటకటాల దగ్గర ఎగబడతారు, మీరు పక్కల నుంచి వెనక భాగానికి వెళ్లండి, అతుకుతున్న బొమ్మలు, తలల్లేని మొండేలు, ముక్కలు అక్కడుంటాయి. వాటికి ఒకప్పుడు రంగులుండేవి, తవ్వి గాలి తగలగానే పొరలు ఊడిపోయాయి. చక్రవర్తి అసలు సమాధిని ఇప్పటికీ తవ్వకపోవడానికి ఇలాంటి భయమూ ఒక కారణం.

సాయంత్రం కోట గోడ మీదికి వెళ్లండి. పధ్నాలుగో శతాబ్దపు మింగ్ కాలం గోడ, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన సైకిళ్లు అద్దెకిస్తారు. తర్వాత ముస్లిం పేట. మొదట కనిపించే వెలుగుల వీధి టూరిస్టులది, అది దాటి సాజిన్‌చ్యావ్ వైపు సందుల్లోకి వెళ్తే ఊరివాళ్లు తినే చోట్లుంటాయి. మాంసం తింటారేమో తెలియదు, తింటే 'యాంగ్‌రౌ పావ్‌మో' చెప్పండి. ముందు ఒక ఖాళీ గిన్నె, గట్టిగా ఉన్న రొట్టెలు తెచ్చి పెడతారు. చేతులు కడుక్కుని ఆ రొట్టెను మీరే సెనగ్గింజంత ముక్కలుగా తుంచాలి, ఇరవై నిమిషాలైనా పడుతుంది, తొందరపడి పెద్ద ముక్కలు చేస్తే లోపల పిండిపిండిగా ఉండిపోతుంది. తుంచాక గిన్నెకి నంబరు చీటీ పెట్టి వంటగదిలోకి తీసుకెళ్లి గొర్రె మాంసం పులుసులో ఉడికించి తెస్తారు, పక్కన తీపి వెల్లుల్లి ఊరగాయ, మిరప ముద్ద. శాకాహారులైతే లియాంగ్‌పి, చల్లటి పిండి నూడుల్స్‌లో వెనిగర్, మిరప నూనె, దోసకాయ తరుగు. వెడల్పాటి బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ మీద కారప్పొడి పోసి దానిమీద పొగలు కక్కే నూనె చుయ్యిమనిపిస్తారు, అది మాంసం లేకుండా కూడా చేయించుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి వుహాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాణ్ని చూడ్డానికి నాలుగు రోజులు వెళ్తున్నాం. బీజింగ్ కూడా కలుపుదామా?
(తల్లిదండ్రులు, నల్గొండ)

జవాబు: కలపకండి. నాలుగు రోజులూ పిల్లాడితో వుహాన్‌లోనే ఉండండి, చూడదగ్గ ఊరే. హుబెయ్ మ్యూజియంలో 1978లో తవ్వితీసిన కంచు గంటల వరుస ఉంది, 65 గంటలు, క్రీ.పూ. 433 నాటివి, అలాంటిది ఇంకెక్కడా చూడరు (సోమవారం సెలవు, ముందే రిజర్వేషన్). ఎల్లో క్రేన్ టవర్ ఇప్పుడున్నది 1985లో కట్టిన కాంక్రీటు కట్టడం, మరీ ఆశలు పెట్టుకోకండి, పైనుంచి యాంగ్సీ నది మాత్రం బాగుంటుంది. దానికన్నా నది దాటే ఫెర్రీ ఎక్కండి, మన సిటీ బస్సు టికెట్టంత డబ్బుకి సాయంత్రం గడిచిపోతుంది.

ఆ ఊళ్లో పొద్దున తిండే పండగ. రెగాన్‌మియెన్ అని, ముందే ఉడికించి నూనె పట్టించిన నూడుల్స్‌ని మళ్లీ మరిగే నీళ్లలో ముంచి తీసి నువ్వుల ముద్ద, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు వేసిస్తారు. రోడ్డు మీద నడుస్తూ తింటూ ఆఫీసులకి పోతుంటారు. తీసుకున్న వెంటనే బాగా కలపాలి, ఆలస్యమైతే ముద్దగా గడ్డ కడుతుంది. చాలా చోట్ల మాంసం ఉండదు, అయినా పులుసు పోస్తారేమో అబ్బాయితో అడిగించండి. వాడికి ఆపాటి చైనీస్ రాకపోతే ఫీజు దండగ.

ప్రశ్న: అమెరికా వెళ్తూ షాంఘైలో 20 గంటలు ఆగాలి. వీసా లేకుండా బయటికెళ్లొచ్చా?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: వెళ్లొచ్చు. మూడో దేశానికి వెళ్లే కన్‌ఫర్మ్ టికెట్ ఉండి, ఆగేది 24 గంటల లోపైతే మన పాస్‌పోర్టుకీ ఆ వీలుంది. వీసా లేకుండా 240 గంటలు ఉండనిచ్చే స్కీము గురించి వింటుంటారు, ఆ దేశాల జాబితాలో మనం లేము. ఎయిర్‌పోర్టు నుంచి మాగ్లెవ్ రైలెక్కితే 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో, అక్కణ్నుంచి మెట్రో 2వ లైన్లో నాన్‌జింగ్ ఈస్ట్ రోడ్, పది నిమిషాలు నడిస్తే నది ఒడ్డున బండ్ అనే విహారవీధి. చీకటి పడ్డాక వెళ్లండి, పదింటికల్లా లైట్లు ఆర్పేస్తారు. షియావోలోంగ్‌బావ్ (లోపల పులుసు ఉండే ఆవిరి కుడుము) లోపల పోర్కే ఉంటుంది, తినేవాళ్లైతే ఒకేసారి నోట్లో వేసుకోకండి, కొస కొరికి వేడి పులుసు పీల్చాక తినండి. తిననివాళ్లు ఆకుకూర, పుట్టగొడుగులు పెట్టిన ఆవిరి బన్ను అడగండి.

ప్రశ్న: హోటళ్లలో టిప్పు ఎంత ఇవ్వాలి?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: ఏమీ ఇవ్వక్కర్లేదు. టేబుల్ మీద పెట్టి వస్తే, మర్చిపోయారనుకుని రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టి వెళ్తారు. ఆ డబ్బుతో టిష్యూ పేపర్ ప్యాకెట్లు కొనుక్కోండి, బాత్‌రూముల్లో కాగితమూ ఉండదు, మగ్గూ ఉండదు.